రాజధాని ఇల్లు మారిన ఊరు: పెనుకొండలో ఒక ఆదివారం

మా ఆడబిడ్డ కూతురు జర్మనీలో ఉంటుంది. పోయిన దసరా సెలవుల్లో మొగుడూ పిల్లలతో కలిసి వెనిస్ చూసొచ్చి, ఫ్యామిలీ గ్రూపులో నూట ఇరవై ఫోటోలు పెట్టింది. వీధులన్నీ నీళ్లే. గడప దిగితే పడవ. మా పాప ఆ ఫోటోలు చూసి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. "మనం ఎప్పుడూ యాడికీ పోం" అని ఒకటే గొడవ.

మా అత్త మాత్రం కళ్లజోడు పెట్టుకుని ఫోన్ చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లున్నాయి గదా, తాగేదానికి పనికొస్తాయా?" అని అడిగింది.

మా ఆయన హైస్కూల్లో సోషల్ టీచరు. ఆయనకు ఇట్లాంటి ప్రశ్న దొరికితే పండగే. వెనిస్ చుట్టూ ఉన్నది ఉప్పునీళ్లట. అందుకని ఆ ఊరివాళ్లు ప్రతి వాకిలి కిందా, చౌకు కిందా తొట్లు కట్టి, వాన నీళ్లు ఇసుకలో వడగట్టి, బావి నుంచి తోడుకుని తాగేవాళ్లట. 1884లో బయటి నుంచి పైపుల్లో నీళ్లు వచ్చేదాకా అదే బతుకు. "అంటే వాళ్లకూ వానే దిక్కా" అనింది మా అత్త, చుట్టాల సంగతి తెలిసినట్టు.

తర్వాత ఆయన పాప వైపు తిరిగి, "వెనిస్‌కు మనం పోలేం గానీ, వెనిస్ ఊరాయన ఒకాయన మన దిక్కుకు వచ్చినాడు, నాలుగున్నర వందల ఏండ్ల కింద. ఆయన పుస్తకంలో మన ఊరొకటి ఉంది. ఆదివారం ఆడికి పోదాం పా" అన్నారు. ఆ ఊరు పెనుకొండ. పాపకు పెద్ద సంతోషమేం కాలేదు. బెంగుళూరుకు పోయేటప్పుడు కొండ కింది నుంచి వంద సార్లు దాటిపోయిన ఊరే కదా.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అత్త ఇన్నాళ్లూ కళ్యాణదుర్గం వైపు మా పల్లెలోనే ఒక్కతే ఉంటోంది. మాకు అక్కడ నాలుగెకరాల చేను. బోర్లు మూడు వేస్తే మూడూ ఎండిపోయినాయి. మూడోది వేసేదానికి నా గాజులు రెండు బ్యాంకులోకి పోయినాయి, ఇంకా రాలేదు. చేను అమ్మేసి, ఆమెను అనంతపురం మా ఇంటికి తెచ్చుకుందామని అన్నదమ్ములు ఇద్దరూ అనుకున్నారు. ఆమె ఔననలేదు, కాదనలేదు. దసరాకు వచ్చి మా ఇంట్లో ఉన్నా, పల్లెలో ఇంటి తాళంచెవి కొంగుకు కట్టుకునే ఉంది.

ఆదివారం పొద్దున్నే నిమ్మకాయ చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకున్నాం. నీళ్ల సీసాలు ఎనిమిది. అనంతపురం నుంచి బెంగుళూరు రోడ్డు మీద సుమారు డెబ్భై కిలోమీటర్లు. దారిలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, వాటి మధ్య శెనక్కాయ పీకేసిన చేన్లు. మా వైపు ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే. అది కూడా పడాల్సినప్పుడు పడదు. చూస్తూ పోతుంటే ఎడారికి పోతున్నామా, రాజధానికి పోతున్నామా అనిపించింది.

పెనుకొండ కోట ఈ నాటిది కాదు. ఉత్తర ద్వారం దగ్గర 1354 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయలు తన కొడుకు వీర విరుపణ్ణ ఒడెయరుకు ఈ సీమను అప్పగించాడనీ, మంత్రి అనంతరస కోట కట్టించాడనీ అందులో ఉంటుంది. అంటే హంపిలో విజయనగరం మొదలైన కొన్నేళ్లకే ఇక్కడ ఈ కోట లేచిందన్నమాట. ఇంట్లో పెద్ద గది ఒకటి ఉన్నా వెనకాల సామానుల గది ఒకటి గట్టిగా కట్టుకుంటాం చూడండి, అట్లా. అవసరం వస్తుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

అవసరం 1565లో వచ్చింది. జనవరి 23న తళ్లికోట యుద్ధం. దక్కను సుల్తానుల చేతిలో అళియ రామరాయలు తల పోగొట్టుకున్నాడు. ఆ వార్త తెలిసి తమ్ముడు తిరుమలరాయలు విజయనగరానికి పరుగెత్తుకొచ్చి, చేతికందినంత మూట కట్టుకుని పెనుకొండ దారి పట్టాడు. 550 ఏనుగుల మీద బంగారం, వజ్రాలు, రాజచిహ్నాలు, రత్నాల సింహాసనం వేసుకుని పోయారని రాబర్ట్ స్యూయెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. రాజు చిన్నప్పుడు చదువుకున్న నాకు ఈ సంగతి పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. 'తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని ఏది?' పెనుకొండ అని రాసి పక్క ప్రశ్నకు పోయేదాన్ని. ఇల్లు మారడం ఎట్లుంటుందో తెలిశాక ఇప్పుడు ఆ ఒక్క మార్కు ప్రశ్న వేరేగా కనిపిస్తోంది. పెళ్లయ్యాక నేనే అయిదు ఇండ్లు మారాను. ప్రతిసారీ ఏదో ఒకటి వెనక మిగిలిపోతుంది. అక్కడ ఒక మహానగరమే మిగిలిపోయింది.

ఆ మిగిలిపోయిన నగరాన్ని చూసినవాడే మా ఆయన చెప్పిన వెనిస్ మనిషి. పేరు సీజర్ ఫ్రెడరిక్, వర్తకుడు. యుద్ధమైన రెండేళ్లకు, 1567లో, విజయనగరానికి వచ్చాడు. ఇండ్లు నిలబడే ఉన్నాయిగానీ మనుషులు లేరనీ, లోపల పులులు, అడవి జంతువులు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారనీ రాశాడు. నెల రోజుల్లో తెమిలే పనికి దారుల్లో దొంగల భయం వల్ల ఏడు నెలలు అక్కడే చిక్కుకుపోయాడట. తిరుమలరాయలు మళ్లీ ఆ ఊరిని నిలబెట్టాలని చూసి, కుదరక, ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలో ఉన్న పెనుకొండకు కాపురం మార్చేశాడని చెప్పింది కూడా ఆయనే.

ఇంకో సంగతి కూడా రాశాడు, మా పిల్లలు పడీ పడీ నవ్వారు. యుద్ధంలో గుర్రాలు పోయాయి కాబట్టి, విజయనగరం గుర్రాలు ఎవరి దగ్గరున్నా తెస్తే మంచి ధర ఇచ్చి కొంటానని తిరుమలరాయలు గోవా వర్తకులకు కబురు పెట్టాడట. పాపం, వాళ్లు తోలుకొచ్చారు. ఈయన గుర్రాలన్నీ తీసుకుని, డబ్బులివ్వకుండా పంపించేశాడట. "అంత బంగారం ఏనుగుల మీద తెచ్చుకుని గుర్రాలకు బాకీ పెట్టినాడా నాయనా" అని మా పెద్దోడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇల్లు చితికిపోయిన కొత్తల్లో అప్పు ఎగ్గొట్టని కుటుంబం ఎంతమాత్రం ఉంటుంది? మర్యాద కాపాడుకోవడానికి కూడా కాస్త నిలదొక్కుకోవాలి.

మొదట గగన్ మహల్ చూశాం. రెండంతస్తుల మేడ. హంపిలో కమల మహల్ చూసినవాళ్లకు దీన్ని చూస్తే అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు. కమానులేమో సుల్తానుల తీరు, పైన శిఖరమేమో మన గుడి తీరు. ఎవరి చేతిలో ఓడిపోయి వచ్చారో వాళ్ల కట్టడపు తీరునే ఇంట్లో పెట్టుకున్నారు. శత్రువుల ఇంటి వంట నచ్చితే మనం మాత్రం నేర్చుకోమా! ఊర్లో ఇంకోచోట రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే ఉంటాయి. బాబయ్య స్వామి దర్గాకు అన్ని మతాలవాళ్లూ పోతారు. పార్శ్వనాథుడి జైన ఆలయం కూడా ఉంది. తిరుమలరాయలు ఇక్కడికి వచ్చాక రాజ్యం చిన్నదైపోయింది గానీ ఇల్లు ఇల్లుగానే నడిచింది. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితం ఇచ్చింది ఈ తిరుమలరాయలకే.

మహల్ మెట్ల మీద కూర్చుని చిత్రాన్నం తింటుంటే మా అత్త అడిగింది.

"ఏనుగుల మీద ఏమేం తెచ్చుకున్నారంట?"

"బంగారం, వజ్రాలు, సింహాసనం" అన్నాడు పెద్దోడు.

"మరి అన్ని ఏనుగులకు, అంతమంది మనుషులకు నీళ్లు యాడియి?"

మేము ఎవరం ఆలోచించని ప్రశ్న. మా ఆయన కూడా తినడం ఆపి, "దానికి జవాబు ఉంది మా. వీళ్లు రావడానికి 177 ఏండ్ల ముందే నీళ్లు తెచ్చి పెట్టినారు" అన్నారు.

ఆ సంగతి 1388 నాటి శాసనంలో ఉంది. కర్ణాటకలో గౌరీబిదనూరు తాలూకాలో దొరికింది. అప్పుడు రెండవ హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండేవాడు. జనాలకు నీళ్ల కోసం పెన్న నదిని, కన్నడంలో హెన్నె అంటారు, పెనుకొండకు తీసుకురమ్మని సింగయభట్టు అనే ఆయనకు ఆజ్ఞ ఇచ్చాడు. ఈ సింగయభట్టు పది విద్యలు తెలిసినవాడనీ, జలసూత్రంలో ఆరితేరినవాడనీ శాసనం పొగుడుతుంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే నీటిపారుదల ఇంజనీరు. ఆయన నది నుంచి సిరివెర చెరువుకు కాలవ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలవ అని పేరు పెట్టాడు.

ఏనుగుల కథ అందరూ చెప్తారు. కాలవ కథ ఎవరూ చెప్పరు. కానీ ఆపదలో పరుగెత్తుకొచ్చినవాళ్లకు ఈ కొండ కింద బతుకు దొరికిందంటే, ఆ కాలవలాంటి పనులు ముందే ఎవరో చేసి పెట్టబట్టే అని నాకు అనిపించింది. బంగారం మోసుకురావచ్చు, నదిని మోసుకురాలేం కదా.

గగన్ మహల్ దగ్గరే బసవన్న బావి ఉంది. దిగుడు బావి. నంది నోట్లోకి పోయినట్టు ఉంటుంది దిగే దారి. పిల్లలు ఫోటోలు తీసుకుంటుంటే మా అత్త మెట్ల దగ్గర వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. అడుగున పచ్చగా నీళ్లు కనిపించాయి. "ఉన్నాయి" అనింది. ఆ ఒక్క మాటే. పొద్దున్నుంచి కోట గోడలు, బురుజులు, మేడలు చూపిస్తే తల ఊపిన మనిషి మొహంలో అప్పుడే వెలుగు చూశాను.

అక్కడే నీడకు కూర్చుని పిల్లలకు ముసలమ్మ కథ చెప్పింది. మా అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు ఉంది కదా, దాని కథ. ఆ చెరువు, దాన్ని ఆనుకుని పుట్టిన ఊర్లు బుక్కరాయల కాలానివే. బుక్కరాయసముద్రానికి రాజు పేరు, అనంతసాగరానికి అనంతమ్మ అనే ఆమె పేరు. ఆ అనంతమ్మ పేరే అనంతపురంలో మిగిలింది. ఒకసారి చెరువు నిండి కట్ట తెగబోతే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే గానీ నిలవదని అమ్మవారు పలికిందట. పేరుకే ముసలమ్మ, వయసులో పడుచుది. అందరికీ చెప్పి, పిల్లను అప్పగించి, పోయి గండిలో నిలబడిందట. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్నే 'ముసలమ్మ మరణము' అని కావ్యంగా రాశారు.

"కోడలినే ఎందుకు అవ్వా అడిగింది అమ్మవారు? మామను అడగొచ్చు కదా" అనింది మా పాప.

మా అత్త నా వైపు చూసి నవ్వింది. "అడిగినా మామ పోతాడా?" అనింది. ఇద్దరం నవ్వుకున్నాం. కాలవ తవ్విన ఆయనకు శాసనంలో బిరుదులున్నాయి. ఆయన కాలవలో నీళ్లు రాని రోజు బిందె పట్టుకుని ఎంత దూరం నడిచారో, ఆ ఆడవాళ్ల సంగతి ఏ రాతి మీదా లేదు. నేను పెళ్లయి వచ్చిన కొత్తల్లో మా అత్తతో కలిసి కిలోమీటరు నడిచి తోట బావి నుంచి నీళ్లు మోసినదాన్నే.

పెనుకొండ కథలో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. 1586లో వెంకటపతిరాయలు రాజయ్యాడు. 1589 ప్రాంతంలో గోల్కొండ మహమ్మద్ కులీ కుతుబ్ షా వచ్చి కోటను ముట్టడించాడు. వెంకటపతి సంధి మాటలంటూ గడువు అడిగాడు. కుతుబ్ షా నమ్మి కాస్త వెనక్కి జరిగాడు. ఆ మూడు రోజుల్లోనే కోటలోకి ధాన్యం, సరుకులు, సైనికులు చేరిపోయాయట. తర్వాత తలుపులు మూసేశారు. వానాకాలం ముంచుకొస్తోంది, కృష్ణ పొంగితే వెనక్కి పోయే దారి ఉండదని కుతుబ్ షా ముట్టడి ఎత్తేసి పోయాడు. మూడు రోజుల్లో కోటకంతా సరిపడా సరుకులు సర్దడమంటే ఏమిటో పెళ్లి చేసిన ఏ ఇల్లాలికైనా తెలుసు. చరిత్ర పుస్తకాల్లో దాన్ని యుద్ధతంత్రం అంటారు.

అంత గట్టి కోటను కూడా ఆ వెంకటపతిరాయలే 1592లో విడిచి చంద్రగిరికి రాజధాని మార్చాడు. మళ్లీ ఇల్లు మార్పు. హంపి నుంచి పెనుకొండ, పెనుకొండ నుంచి చంద్రగిరి. అయినా పెనుకొండ పాడుబడి పోలేదు. పులులు రాలేదు. రాజు పోయినా ఊరు ఉంది. ఇప్పుడు 2022 నుంచి అది మా అనంతపురం జిల్లాలో కూడా లేదు, శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఊరు మాత్రం కదల్లేదు, కాగితాలే మారాయి.

సాయంత్రం ఎర్రమంచి దాకా పోయి కియా కార్ల ఫ్యాక్టరీని రోడ్డు మీద నుంచే చూశాం. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. దానికి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. గొల్లపల్లికి హంద్రీ-నీవా కాలవలో కృష్ణా నీళ్లు వస్తాయి. ఏ కృష్ణ పొంగుతుందని కుతుబ్ షా వెనక్కి పోయాడో, ఆ కృష్ణనే ఇప్పుడు పంపులు పెట్టి ఇంత ఎత్తుకు ఎక్కించారు. సింగయభట్టు తర్వాత ఆరు వందల ఏండ్లకు పెనుకొండకు మళ్లీ ఒక నది వచ్చింది. "ఆ కాలవ మన చేను దాకా ఎప్పుడొస్తుంది?" అని మా అత్త అడిగింది. సోషల్ టీచరు గారి దగ్గర దీనికి మాత్రం జవాబు లేదు. కారు తిప్పారు.

మీరు పోవాలనుకుంటే పొద్దున్నే పోండి, ఎండ ఎక్కితే ఆ రాళ్ల మధ్య తిరగలేరు. నీళ్లు బాగా పట్టుకెళ్లండి. పిల్లలకు దారిలోనే తళ్లికోట కథ చెప్తే మహల్ చూసినప్పుడు అర్థమవుతుంది, లేకపోతే వాళ్లకు అది ఉత్త పాత ఇల్లు.

మా పాప ఫోటోలు గ్రూపులో పెట్టింది. బసవన్న బావి ఫోటో చూసి జర్మనీ నుంచి మా ఆడబిడ్డ కూతురు, "అత్తా, ఇది యాడ? మన పక్కనేనా? నేనెప్పుడూ చూడలేదే" అని రాసింది.

దీపావళి అయ్యాక మా అత్త పల్లెకు పోయి సామాను సర్దుకుని వచ్చింది. ఎన్ని మూటలో అనుకుని మా ఆయన ఆటో మాట్లాడాడు. దిగినవి ఒక ట్రంకు పెట్టె, మా మామ ఫోటో, ఒక గోనె సంచి. సంచిలో ఏముందని చూస్తే విత్తనం శెనక్కాయలు.

"చేను అమ్ముతున్నాం కదమ్మా, ఇవెందుకు?" అన్నారు మా ఆయన.

"అమ్మినాక చూద్దాంలే" అనింది.

ఆ సంచి మా స్టోర్ రూములో బియ్యం డబ్బా పక్కన ఉంది. వారానికోసారి మూతి విప్పి, పురుగు పట్టిందేమోనని చేతిలో పోసుకుని చూస్తుంది. చేనుకు ఇద్దరు బేరం అడిగారు. మా ఆయన ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు.